బొల్లారంలో అమ్మగారి ఫొటో

సికింద్రాబాద్ నుండి మేడ్చల్ వైపు వెళ్ళే ఎమ్.ఎమ్.టి.ఎస్. రైలు దారిలో కావల్రీ బ్యారక్స్ అనే స్టేషన్ ఉన్నది. కావల్రీ అంటే అశ్వికదళం. ఆ తరువాత అల్వాల్, ఆపైన బొల్లారం బజార్, బొల్లారం వస్తాయి. బొల్లారంలో దిగి ఎవరిని అడిగినా రిసాలా బజార్‌కు దారి చూపిస్తారు. రిసాలా అన్నా అశ్వికదళమే. ఒకే అర్థం గల మాటను ఆంగ్లేయులు ఒకచోట, ఉర్దూ మాట్లాడే సిపాయిలు మరొకచోట వదలి వెళ్ళారు. గుర్రాలు పోయి చాలా కాలమైనది. పేర్లు మాత్రం మిగిలి ఉన్నాయి.

గత శీతకాలంలో ఒక శుక్రవారం మరునాడు నేను ఆ రైలు ఎక్కాను. మా మదరసా నల్లగొండ జిల్లాలో ఉన్నది. మా అమ్మగారు బొల్లారంలో మా పెద్దక్కగారి ఇంట్లో ఉంటారు. నా చేతి సంచిలో ఒక జత బట్టలు, పిల్లల పరీక్షా పత్రాలు, ఇంటర్నెట్ కేంద్రంలో అచ్చు తీయించిన ఒక కాగితం ఉన్నాయి. ఆ కాగితంలో పాస్‌పోర్ట్ ఫొటో ఎలా ఉండాలో తెలిపే నియమాలున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఫిఖ్హ్ గ్రంథాలు బోధిస్తున్న నేను ఆ ఒక్క కాగితాన్ని ముందుగా చదవకపోవడం వల్ల మా అమ్మగారికి ఒక సంవత్సరం నష్టమైనది. ఆ సంగతి పాఠకులతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

బొల్లారం పుట్టుకే సైనిక స్థావరంగా జరిగింది. నిజాం ప్రభుత్వ వ్యయంతో, ఆంగ్లేయ అధికారుల అజమాయిషీలో నడిచిన సైన్యానికి ఇది ముఖ్య కేంద్రం. 1853 ఒప్పందం తరువాత ఆ సైన్యానికి హైదరాబాద్ కాంటిన్జెంట్ అనే పేరు స్థిరపడింది. 1903లో అది భారత సైన్యంలో కలిసిపోయింది. ఇక్కడి హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. 1860లో కట్టిన రెసిడెన్సీ భవనమే నేటి రాష్ట్రపతి నిలయం. 2023 మార్చి నుండి దానిని ఏడాది పొడవునా ప్రజలు చూసే వీలు కల్పించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా ఎమ్.ఎమ్.టి.ఎస్. రైళ్ళు మొదలయ్యాయి. నిజాం కాలంలో మన్మాడ్ వరకు మీటర్‌గేజ్‌గా వేసిన దారి ఇదే.

కంటోన్మెంటు ప్రాంతంలో నివసించే వారికి గుర్తింపు కార్డు చూపడం కొత్త కాదు. కాపలా ఉన్న గేటు దగ్గర సిపాయి కార్డును చూస్తాడు, ఆ తరువాత ముఖాన్ని చూస్తాడు. రెండూ ఒకటేనని నమ్మకం కలిగితే దారి వదులుతాడు. అందులో అవమానం ఏమీ లేదు. లోకంలోని విమానాశ్రయాలన్నింటిలో జరిగేది కూడా ఇంతే. ఈ చిన్న విషయం నాకు ఆలస్యంగా బోధపడింది.

మా నాన్నగారు ఆరేళ్ళ క్రితం అల్లాహ్ సన్నిధికి చేరారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆయన మిగిల్చిన కొద్దిపాటి సొమ్మును అమ్మగారు తాకలేదు. "ఇది హజ్ సొమ్ము, బేటా. నువ్వు నాకు మహ్రమ్‌గా తోడు రావాలి" అని మాత్రమే చెబుతూ వచ్చారు. ఆమెకు ఇప్పుడు డెబ్బై రెండేళ్ళు. పాస్‌పోర్ట్ లేదు. పూర్వం హజ్ కమిటీ ద్వారా వెళ్ళేవారికి పిల్‌గ్రిమ్ పాస్ అనే ప్రత్యేక పత్రం ఇచ్చేవారు. బొంబాయి నుండి ఓడల మీద వెళ్ళిన మన పెద్దల చేతుల్లో ఉన్నది అదే. ఆ ఓడ ప్రయాణాలు 1995తో ఆగిపోయాయి. 2009 నుండి సౌదీ ప్రభుత్వం హాజీలకు కూడా అంతర్జాతీయ పాస్‌పోర్టును తప్పనిసరి చేసింది. హజ్ దరఖాస్తు నాటికి పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి.

అందుకని నిరుడు వేసవిలో దరఖాస్తు చేసి, అమ్మగారిని నగరంలోని ఒక పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి తీసుకువెళ్ళాను. పెద్దల ఫొటోలను అక్కడే, కౌంటరు దగ్గరే తీస్తారు. అమ్మగారు పెళ్ళైన నాటి నుండి బయటకు వెళ్ళేటప్పుడు నిఖాబ్ ధరిస్తారు. ముందు రోజు రాత్రి ఆమె నన్ను అడిగారు. "ముఖం ఎంత వరకు చూపించాలి?" నేను ఆలోచించకుండానే జవాబిచ్చాను. "కనుబొమ్మల నుండి గడ్డం వరకు చూపితే చాలు, అమ్మీ. దుపట్టా నుదుటి మీదనే ఉండనివ్వండి. మతపరమైన వస్త్రానికి అనుమతి ఉన్నది."

సగం తెలిసిన మాట అసలు తెలియని మాట కంటే ఎక్కువ హాని చేస్తుంది. మతాచారంగా తల కప్పుకోవడానికి అనుమతి ఉన్న మాట నిజమే. అయితే గడ్డం కింది అంచు నుండి నుదుటి పైభాగం వరకు ముఖం కనిపించాలనీ, ముఖానికి రెండు వైపుల అంచులూ స్పష్టంగా ఉండాలనీ అదే నియమం చెబుతున్నది. నేను మొదటి సగమే ఎక్కడో విని ఉన్నాను.

కౌంటరు దగ్గర ఒక యువకుడు ఉన్నాడు. "అమ్మా, దుపట్టా కొంచెం వెనక్కి జరపండి" అని మర్యాదగానే అడిగాడు. అమ్మగారు నా వైపు చూశారు. నేను ముందుకు వచ్చి వాదన మొదలుపెట్టాను. ధర్మం గురించి, హక్కుల గురించి గొంతు పెంచి మాట్లాడాను. వెనుక వరుసలో ఉన్నవారంతా మా వైపు తిరిగారు. ఆ అబ్బాయి నియమాన్ని తెర మీద చూపించాడు. దానిని చదివి నేను మౌనం వహించే లోపే అమ్మగారు కుర్చీలోంచి లేచారు. "ఇంటికి పోదాం పద" అన్నారు. ఆమె కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. అవి ఆ యువకుడి మాట వల్ల వచ్చినవి కావు. నలుగురిలో ఆమె ముఖం గురించి కొడుకే వివాదం చేయడం వల్ల వచ్చినవి.

ఆ తరువాత కొన్ని నెలలు ఆమె పాస్‌పోర్ట్ మాట ఎత్తలేదు. హజ్ దరఖాస్తుల గడువు ముగిసింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషికి ఒక సంవత్సరం ఎంత విలువైనదో నేను వివరించనక్కరలేదు.

ఆ నెలలలో రాత్రి పూట గ్రంథాలు మళ్ళీ తిరగేశాను. చిత్రాలు చేసేవారి విషయంలో హదీసులలో కఠినమైన హెచ్చరిక ఉన్నది. కెమెరా ఫొటో ఆ హెచ్చరిక కిందికి వస్తుందా రాదా అన్న దానిపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే ప్రయాణానికి, గుర్తింపుకు తప్పనిసరి అయిన ఫొటో విషయంలో కఠినంగా చెప్పేవారు కూడా అవసరం దృష్ట్యా అనుమతించారు. ఇక ముఖం సంగతి. సాక్ష్యం చెప్పే స్త్రీ ఎవరో నిర్ధారించుకోవడానికి ఖాజీ ఆమె ముఖాన్ని చూడవచ్చునని మన ఫుఖహాలు ఎన్నడో రాశారు. లావాదేవీలో గుర్తింపు కోసం చూడవచ్చునన్నారు. వైద్యుడికీ అవసరమైన మేరకు అనుమతి ఇచ్చారు. పాస్‌పోర్ట్ అధికారి చేసే పని ఆ సాక్షి పని వంటిదే. ఈ పాఠాన్ని నేను ఎన్నోసార్లు విద్యార్థులకు చెప్పి ఉన్నాను. కౌంటరు దగ్గర నిలబడినప్పుడు అది గుర్తుకు రాలేదు.

మరొక సంగతి నన్ను ఇంకా సిగ్గుపడేలా చేసింది. అమ్మగారు కోరుకుంటున్న ప్రయాణం హజ్. ఇహ్రామ్ స్థితిలో స్త్రీలు నిఖాబ్‌ను, చేతితొడుగులను ధరించకూడదని దైవప్రవక్త (సఅసం) ఆదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. కాబా గృహం చుట్టూ లక్షల మంది మధ్య ఏ ముఖంతో తవాఫ్ చేయాలని ఆమె ఆశపడుతున్నారో, ఆ ముఖాన్ని ఒక్క నిమిషం చూపవలసిన చోట నేను అడ్డు నిలిచాను.

ఉపాయం చెప్పింది మా పెద్దక్కగారు. ఫోన్ చేసి అన్నది. "తమ్ముడూ, అమ్మీకి భయం ఫొటో అంటే కాదు, ఆ కౌంటరు అంటే. ఇక్కడ బజారులో ఫొటో స్టూడియో ఉన్నది. ఆయన భార్య కూడా ఫొటోలు తీస్తుంది. హజ్ దరఖాస్తుకు ఎలాగూ తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటో కావాలి కదా. ముందు ఇక్కడ తీయించుకుంటే అలవాటు అవుతుంది." ఆ మాట పట్టుకొనే నేను బొల్లారం వచ్చాను.

స్త్రీలు స్త్రీల చేతనే ఫొటో తీయించుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదని ఇక్కడ చెప్పాలి. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన లాలా దీన్ దయాళ్ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో జన్మించి, 1905లో మరణించారు. పరదా పాటించే మహిళల కోసం ఆయన 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో ఏర్పాటు చేశారు. బయటివారి చూపు పడకుండా ఎత్తైన గోడలు కట్టించి, దాని బాధ్యతను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. అక్కడ కెమెరా వెనుక నిలబడింది స్త్రీలే. నిజాం దీన్ దయాళ్‌కు ఇచ్చిన బిరుదు రాజా ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. హదీసులోని హెచ్చరికలో ఉన్నది ఆ మాటే. రూపమిచ్చేవాడు అనే అర్థంలో అల్ ముసవ్విర్ అల్లాహ్ శుభనామాలలో ఒకటి కూడా. పరదాను వదలకుండానే అవసరం తీర్చుకునే మార్గాన్ని ఈ జంట నగరాలలోని మన ముత్తవ్వల కాలంలోనే కనుగొన్నారు. మేము ఆ సంగతి మరచిపోయి కౌంటరు దగ్గర కేకలు వేశాము.

జుహర్ నమాజు తరువాత అమ్మగారిని, అక్కగారిని వెంటబెట్టుకొని బజారుకు వెళ్ళాను. కిరాణా కొట్టుకు, టైలరు దుకాణానికి మధ్య ఇరుకైన గది. ముందు భాగంలో జిరాక్స్ యంత్రం, గోడకు ఫొటో ఫ్రేములు. లోపలి గదికి పరదా. సంగతి చెప్పగానే స్టూడియో యజమాని భార్యను పిలిచి, తాను బయట స్టూలు వేసుకొని కూర్చున్నాడు. "మీరూ ఇక్కడే కూర్చోండి, మౌల్వీ సాబ్. లోపల వాళ్ళు చూసుకుంటారు" అని నాకు చాయ్ తెప్పించాడు. పరదా వెనుక నుండి మాటలు వినిపిస్తూ ఉన్నాయి.

"అమ్మా, ఈ తెల్ల దుపట్టా వద్దు. వెనక తెర కూడా తెల్లదే. తల ఎక్కడి వరకో తెలియకుండా పోతుంది." అక్కగారు తన ముదురాకుపచ్చ దుపట్టా ఇచ్చినట్లున్నది.

"కళ్ళద్దాలు తీయండమ్మా, మెరుపు పడుతున్నది."

"అద్దాలు లేకపోతే నువ్వు నాకు కనిపించవు, బిడ్డా."

"నేను కనిపించకపోయినా ఫరవాలేదు. ఈ ఎర్ర దీపం వైపు చూడండి చాలు."

ఒకటి తీశారు. గోడ మీద నీడ పడింది. కుర్చీని ముందుకు జరిపి మరొకటి తీశారు. కళ్ళు మూసుకుపోయాయి. మూడవదానిలో నోరు తెరచి ఉన్నది. అమ్మగారు దరూద్ చదువుతున్నారు. "పెదవులు కదలకూడదమ్మా, మనసులో చదువుకోండి" అన్నది ఆ సోదరి. లోపల ముగ్గురూ నవ్వారు. కొన్ని నెలల తరువాత అమ్మగారి నవ్వు విన్నాను.

నాలుగవది కుదిరింది. కంప్యూటర్ ముందు కూర్చొని ఆమె అడిగింది. "అమ్మా, నుదుటి మీద ఈ నల్ల మచ్చ తీసేయనా? ఒక్క నిమిషం పని."

ఫొటోను కంప్యూటర్‌లో మార్చరాదన్న నియమం నా చేతిలోని కాగితంలో ఉన్నది. నేను దానిని చదవబోయే లోపే అమ్మగారి గొంతు వినిపించింది.

"అది తీసేస్తే పోయేది కాదు, బిడ్డా. యాభై ఏళ్ళ నమాజు అది. ఉండనివ్వు."

నేను చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. నుదురు కనిపించాలని ప్రభుత్వం అడిగింది. నుదురు దాచమని నేను చెప్పాను. ఆ నుదుటి మీద ఉన్నది సజ్దా గుర్తు. అల్‌ఫత్‌హ్ సూరా చివరి ఆయతులో విశ్వాసుల ముఖాల మీద ఉండే సజ్దా గుర్తు ప్రస్తావన ఉన్నది. అది పైకి కనిపించే మచ్చ మాత్రమే కాదనీ, అణకువ, వినయం వల్ల ముఖానికి వచ్చే శోభ అనీ తఫ్సీర్ పండితులు వివరించారు. కాబట్టి మచ్చను బట్టి ఎవరి భక్తినీ కొలవరాదు, దానిని చూపుకోవాలని కోరుకోరాదు. కానీ ఆ రోజు బొల్లారం బజారులో ఆ వినయాన్ని నేను పరదా ఇవతల నుండి విన్నాను.

డబ్బులు ఇచ్చి ఫొటోలు తీసుకున్నాము. అమ్మగారు ఒక ప్రతిని చేతిలో పట్టుకొని చాలాసేపు చూశారు. "మా అమ్మ ఇలాగే ఉండేది" అన్నారు. మా అమ్మమ్మ ఫొటో ఎవరి దగ్గరా లేదు.

మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకొని సేవా కేంద్రానికి వెళ్ళాము. ఈసారి నేను ముందుగానే అక్కడి సిబ్బంది దగ్గరకు వెళ్ళి, "మా అమ్మగారు పరదా పాటిస్తారు. వీలైతే మహిళా ఉద్యోగి చేత ఫొటో తీయించగలరా?" అని నెమ్మదిగా అడిగాను. వారు అభ్యంతరం చెప్పలేదు. ఒక సోదరి అమ్మగారిని తన కౌంటరు దగ్గరకు తీసుకువెళ్ళింది. అమ్మగారు ఎవరూ చెప్పకుండానే కళ్ళద్దాలు తీసి, దుపట్టాను నుదుటి పైకి జరిపి, పెదవులు మూసి కూర్చున్నారు. పని క్షణాలలో ముగిసింది. తరువాత పోలీసు విచారణ జరిగింది. పాస్‌పోర్ట్ స్పీడ్ పోస్టులో బొల్లారం ఇంటికి వచ్చింది.

పాఠకుల ఇళ్ళలో ఉపయోగపడవచ్చునని నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన దేశంలోని సేవా కేంద్రాలలో పెద్దల ఫొటోను అక్కడే తీస్తారు. నాలుగేళ్ళ లోపు పిల్లలకు మాత్రం తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో 4.5 సెంటీమీటర్ల ఎత్తు, 3.5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఫొటోను వెంట తీసుకువెళ్ళాలి. ఫొటో ఏదైనా ముఖం నేరుగా ఉండాలి, కళ్ళు తెరచి, నోరు మూసి ఉండాలి, ముఖం మీద గానీ వెనుక గానీ నీడ పడకూడదు. హిజాబ్ ఉండవచ్చును, నుదురు, గడ్డం, ముఖం రెండు అంచులు దాగకూడదు. తెల్ల తెర ముందు ముదురు రంగు దుపట్టా మేలు. యూఏఈలో ఉన్న మన పిల్లలకు 2025 సెప్టెంబరు 1 నుండి అక్కడి భారత దౌత్య కార్యాలయాలు మరింత ఖచ్చితమైన కొలతలు పెట్టాయి. ఫొటో 630 పిక్సెళ్ళ వెడల్పు, 810 పిక్సెళ్ళ ఎత్తు ఉండాలి. ముఖం ఫొటోలో 80 నుండి 85 శాతం వరకు ఆక్రమించాలి. ఫిల్టర్లు వాడరాదు.

ఈ నియమాలు ఏ ఒక్క మతాన్నీ దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. 1920లో పారిస్‌లో నానాజాతి సమితి జరిపిన సమావేశం పాస్‌పోర్టు పుస్తకానికి ఒకే రూపం ఉండాలని నిర్ణయించింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1980లో యంత్రం చదవగల పాస్‌పోర్టుల ప్రమాణాలను 9303వ నంబరు పత్రంగా తొలిసారి ప్రచురించింది. నేటి యంత్రం కళ్ళు, ముక్కు, గడ్డం మధ్య దూరాలను కొలిచి మనిషిని పోలుస్తుంది. జెద్దాలోనైనా, శంషాబాద్‌లోనైనా దానికి కావలసింది ఆ కొలతలే.

మదరసాకు తిరిగి వచ్చాక ఈ నియమాలను తెలుగులో, ఉర్దూలో రాసి నోటీసు బోర్డు మీద అంటించాను. పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా మసలా అడిగితే ఇప్పుడు ముందుగా నియమం పూర్తిగా చదువుతాను, తరువాతనే ఫిఖ్హ్ చెబుతాను. తెలియని విషయంలో తెలియదని చెప్పడం కూడా జ్ఞానంలో భాగమేనని మన గురువులు నేర్పారు. ఆ పాఠం నాకు యాభై దాటాక మళ్ళీ అవసరమైనది.

ఆ శనివారం సాయంత్రం అస్ర్ నమాజు చేసుకొని తిరుగు రైలు కోసం బొల్లారం స్టేషన్‌కు వచ్చాను. అక్కగారు ఒక ఫొటోను కవరులో పెట్టి ఇచ్చారు. "దరఖాస్తు నింపేది నువ్వే కదా, నీ దగ్గరే ఉండనివ్వు" అన్నారు. ఇప్పుడు అది అమ్మగారి పాస్‌పోర్ట్ నకలుతో పాటు నా పెట్టెలో ఉన్నది. హజ్ దరఖాస్తుల ప్రకటన కోసం ఎదురు చూస్తున్నాము. అమ్మగారి ఆరోగ్యం కోసం, ఆమె హజ్ స్వీకృతం కావడం కోసం పాఠక సోదర సోదరీమణులు దుఆ చేయవలసిందిగా కోరుతున్నాను.